చక్రం తిప్పిన తిప్పేస్వామి

మా తిప్పేస్వామన్నకు ఉన్నది ఒకటే జబ్బు. సైకిలు కనిపిస్తే తనిఖీ చేయకుండా వదలడు. తనదా, పక్కింటివాడిదా, దారినపోయేవాడిదా అన్న పట్టింపు లేదు. ముందు చక్రం పైకెత్తి గిర్రున తిప్పుతాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. టైరును బొటనవేలితో నొక్కుతాడు. ఆ తర్వాత పెదవి విరిచి, తల అడ్డంగా ఊపుతాడు. ఆయన తల అడ్డంగా ఊగిందంటే ఆ సైకిలు యజమాని ఆ పూట పనులు మానుకోవాల్సిందే.

"పేరులోనే తిప్పే స్వామి ఉన్నాడు. చక్రాలు తిప్పక ఇంకేం తిప్పుతాడు?" అని అనంతపురంలో ఆయన్ను ఎరిగినవాళ్ళంతా నవ్వుతారు.

ఉద్యోగం విత్తనాల పరీక్ష కేంద్రంలో. వేరుశనగ గింజల్ని ఇసుకలో పాతి, ఎన్ని మొలిచాయో, ఎన్ని మొలవలేదో, మొలవనివి ఎందుకు మొలవలేదో చూసి రాయడం ఆయన పని. పాతికేళ్ళుగా గింజగింజనూ అనుమానంగా చూసిన మనిషి సైకిలును మాత్రం ఎందుకు నమ్ముతాడు?

మా వీధిలో రంగన్న పేపర్లు వేస్తాడు. ఒకరోజు పొద్దున్నే ఆయన్ను తిప్పేస్వామన్న ఆపాడు.

"రంగన్నా, నీ సీటు రెండంగుళాలు కిందికుండాది. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కు. కాలు నిటారుగా చాచుకోవాల."

"పేపరు లేటైతే మా ఏజెంటు నన్ను చాచి కొడతాడు. వదులప్పా!"

వదల్లేదు. ఆ రోజు మా వీధివీధంతా తొమ్మిది గంటలకు పేపరు చదివింది. సీటు లేపాక మోకాలి నొప్పి తగ్గిందని రంగన్న తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు కానీ, ఇప్పటికీ తిప్పేస్వామన్న ఇల్లు దాటేటప్పుడు మాత్రం కుక్క తరుముతున్నట్టు తొక్కుతాడు.

రామలక్ష్మమ్మ వదిన, అంటే ఆయన భార్య, తన అన్నకొడుకు పెళ్ళికి మొగుణ్ణి వెంటబెట్టుకుని రాప్తాడు పోయింది. ముహూర్తం దగ్గర పడింది. మనిషి కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా పెళ్ళివారింటి వెనక దొరికాడు. పట్టుపంచె మోకాళ్ళపైకి ఎగగట్టుకుని, ఎవరో పసివాడి మూడు చక్రాల బండిని తలకిందులు చేసి కూర్చున్నాడు. చేతులనిండా గ్రీసు.

"పెండ్లికి వచ్చినామా, పంచరుకు వచ్చినామా?" అంది వదిన.

"దీనికి బ్రేకు లేదు లక్ష్మీ!"

"మూడు చక్రాల బండికి బ్రేకు యాడుంటాదయ్యా!"

"అదే నేనూ అడుగుతాండా. ఎందుకుండదు?"

అక్షింతలు ఆ గ్రీసు చేతులతోనే వేశాడు. పెళ్ళి ఫొటోల్లో వరుడి తల మీద ఒక నల్లటి చుక్క ఇప్పటికీ ఉంది.

ఇలాంటి మనిషి రెండేళ్ళ కిందట కొండ సైకిలు కొన్నాడు. పళ్ళపళ్ళ లావు టైర్లు, ముందు షాకులు, పక్కన గేర్లు. కొన్నవాడు ఒంటరిగా తొక్కుకోవచ్చు కదా? పిల్లల్ని పోగేశాడు. "ఫోన్లలో కొండలెక్కుతాండారు. కాళ్ళతో ఎక్కనీ" అన్నాడు. ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి పది పన్నెండు మంది పిల్లలు, తోడుగా నాలాంటి తండ్రులు ముగ్గురు నలుగురు, బుక్కరాయసముద్రం చెరువుకట్ట దగ్గర కలవాలి. అక్కడినుంచి అవతల ఉన్న రాళ్ళ గుట్ట దాకా మట్టిదారిలో పోయిరావాలి. మా గౌతమికి పదకొండేళ్ళు. శనివారం రాత్రే హెల్మెట్ దిండు పక్కన పెట్టుకుని పడుకునేది.

ఆరింటికి కలిసేవాళ్ళం. కదిలేది మాత్రం ఏడున్నరకు. మధ్యలో గంటన్నర తనిఖీ.

"హెల్మెట్ వెనక్కి పోయింది చూడు. కనుబొమ్మ మీద రెండు వేళ్ళు పట్టాల, అంతే. గడ్డం కింద ఒక వేలు." అక్కడికి పన్నెండు గడ్డాలు.

"ఈ బ్రేకు పెద్దోళ్ళ చేతికి పెట్టినారు. నీ వేళ్ళు చిన్నవి గదా పాపా, అందవు. దగ్గరికి జరపాల." అక్కడికి ఇరవై నాలుగు బ్రేకులు.

తర్వాత గాలి. ఇంటి దగ్గర తండ్రులు గట్టిగా కొట్టించి తెచ్చిన గాలిని ఈయన తుస్సుమని వదిలేవాడు.

"అన్నా, దమ్ము పోయేలా పంపు కొట్టినా కదన్నా!" అని నేను మొత్తుకునేవాణ్ణి.

"ఇది తారురోడ్డు కాదు దివాకరా. టైరు గట్టిగా ఉంటే రాయి మీద ఎగిరి పడతాది. కొంచెం మెత్తగుంటే రాయిని పట్టుకుంటాది."

"సరే గానీ, ఎండ నెత్తికొస్తాండాది."

"ఎండ యాడికి పోతాదప్పా, రోజూ వచ్చేదే. బిడ్డల పండ్లు రాలితే మళ్ళా రావు."

ఈ ఆలస్యం వల్ల లాభపడిన మనిషి ఒక్కతే. ఎస్తేరు. పద్నాలుగేళ్ళ పిల్ల. బడిలో ఇచ్చిన మామూలు సైకిలు మీద వచ్చేది. గేర్లు లేవు, షాకులు లేవు. అయినా గుట్ట ఎక్కేటప్పుడు మా అందరికన్నా ముందుండేది. ఏడుకో, ఏడుంబావుకో రొప్పుతూ వచ్చి "ఆలస్యమైందా మామా?" అని అడిగేది. ఆ పిల్ల అదృష్టమేమో, ఎప్పుడొచ్చినా మేం అప్పుడే బయల్దేరబోతూ ఉండేవాళ్ళం.

ఇంతలో మా గుంపులోకి శ్రీకాంత్ వచ్చాడు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, అనంతపురంలో ఇంటినుంచే పని. కొడుకు విష్ణువర్ధన్‌ను తీసుకుని, తనకూ ఒక ఖరీదైన సైకిలు తెచ్చుకుని, చేతికి గుండె చప్పుడు కూడా లెక్కపెట్టే గడియారం కట్టుకుని మొదటి ఆదివారమే ఐదూ యాభైకి హాజరయ్యాడు. ఏడు దాకా ఓపిక పట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"దివాకరన్నా, ఎప్పుడు కదుల్తాం? ఒకచోటే కూర్చుంటే నా గడియారం నేను నిద్రపోతాండానని అనుకుంటాండాది."

"అలవాటు చేసుకో శ్రీకాంత్. నాకు సగం పేపరు చదవడం ఇక్కడే అయిపోతాది."

శ్రీకాంత్ అలవాటు చేసుకునే రకం కాదు. వారం వారం నిమిషాలు రాసుకునేవాడు. తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది. తొంభై ఆరు.

అట్లా ఉండగా ఒక ఆదివారం వింత జరిగింది. మేం పోయేసరికి చెరువుకట్ట మీద అందరికన్నా ముందు ఎస్తేరు కూర్చుని ఉంది.

"ఏం బిడ్డా, ఈ పొద్దు ఇంత తొందరగా!" అన్నాడు తిప్పేస్వామన్న.

"మా వీధిలో ఈ పొద్దు నాలుగున్నరకే నీళ్ళు వదిలినారు మామా. బిందెలన్నీ పట్టేసి వచ్చినా."

ఆయన ముఖం వెలిగిపోయింది. వరసగా నిలబెట్టిన సైకిళ్ళ మధ్య ఈ చివరనుంచి ఆ చివరికి నడిచాడు. చక్రం చక్రాన్నీ ఒక్క తిప్పు, టైరు టైరునూ ఒక్క నొక్కు.

"అన్నీ బాగుండాయి. పదండి!"

ఎవరూ కదల్లేదు. విన్నది నమ్మలేక.

"సార్, నా సైకిలు చూడలేదు" అన్నాడు శ్రీకాంత్.

"నువ్వు కంప్యూటరోడివి. నీకేమవుతాదప్పా, ఎక్కు!"

శ్రీకాంత్ గడియారం చూసుకున్నాడు. నాలుగు నిమిషాలు.

గుట్ట కింద ఎత్తు దగ్గర నేను తిప్పేస్వామన్న పక్కకు చేరాను. గంటన్నర పట్టే పని నాలుగు నిమిషాల్లో ఎట్లా అయిందో తెలుసుకోకపోతే నాకు తిండి సహించేలా లేదు.

"అన్నా, నిజం చెప్పు. ఎస్తేరు వచ్చేదాకా నువ్వు కావాలనే సాగదీస్తాండావు కదూ?"

ఆయన గేరు మార్చాడు. మళ్ళీ మార్చాడు. దాచడానికి ఇంక గేర్లు లేక చెప్పాడు.

"మొదట్లో ఒక వారం ఆ బిడ్డ లేటుగా వచ్చింది. అందరం కాచుకున్నాం. ఎవరో అన్నారు, ఒక్కదాని కోసం ఇంతమంది ఎండలో నిలబడాల్నా అని. అన్నోళ్ళు చెడ్డోళ్ళు కాదప్పా, ఊరికే అన్నారు. ఆ బిడ్డ విన్నాది. మరుసటి వారం రాలా. ఇంటికి పోయి చూసినా. వాళ్ళ నాయన జాకబ్ తెల్లారకముందే పనికి పోతాడు. అమ్మకు నడుము పట్టేసింది. వీధి కొళాయికి గంటసేపు నీళ్ళు. ఎప్పుడొస్తాయో తెలీదు. ఒకరోజు ఐదుకు, ఒకరోజు ఆరుకు. ఈ బిడ్డే పట్టాల."

"ఆ మాటే అందరికీ చెప్తే ఆగుతారు కదన్నా."

"ఆగుతారు. తన కోసం ఆగినారని తెలిస్తే ఆ బిడ్డ రాదు. అందుకే ఆలస్యం ఆ బిడ్డది కాకూడదు దివాకరా, సైకిళ్ళది కావాల."

నేను తల వంచుకుని తొక్కాను. ఎత్తు ఎక్కుతున్నాం కాబట్టి తల వంచానని ఆయన అనుకుని ఉంటాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో శ్రీకాంత్ మెసేజి పెట్టాడు. తనిఖీకి నాలుగు నిమిషాలు చాలని ఈరోజు రుజువైంది కాబట్టి, ఇకపై శనివారం సాయంత్రమే ఎవరి సైకిలు వాళ్ళు ఇంట్లో సరిచూసుకుని ఫొటోలు పెట్టాలి. ఆదివారం ఆరూ ఐదుకు బయల్దేరాలి. లేటైనవాళ్ళు వెనక వచ్చి కలుసుకోవాలి. కింద వరసగా బొటనవేళ్ళు.

కాసేపటికే తిప్పేస్వామన్న ఫోను.

"దివాకరా, ఆ నాలుగు నిమిషాలు నా కొంప ముంచినాయప్పా!"

తర్వాతి ఆదివారం ఆరింటికి కట్ట మీద అందరం ఉన్నాం, ఎస్తేరు తప్ప. శ్రీకాంత్ ఫోనులో ఫొటోలు చూపించాడు. సీట్లు, చైన్లు, బ్రేకులు, అన్నీ సరిగ్గా ఉన్నట్టు సాక్ష్యం.

"పోదామా సార్?"

తిప్పేస్వామన్న ఊరి దారివైపు చూశాడు. ఎవరూ లేరు. పరీక్ష రాయడానికి పెన్ను మరచిపోయిన పిల్లవాడిలా నిలబడ్డాడు. నా సైకిలు టైరుకు ఏదైనా ముల్లు గుచ్చుదామా అని నేను పక్కనున్న తుమ్మచెట్టు వైపు చూస్తున్నాను. అంతలో గౌతమి అరిచింది.

"మామా! నా సీటు తిరుగుతాండాది!"

నిజమే. సీటు గాలిమరలా గుండ్రంగా తిరుగుతోంది. ఆయన దాని దగ్గరికి పరుగెత్తాడు. ఆ వెంటనే విష్ణువర్ధన్ చైను ఊడి వేలాడింది. ఇంకో పిల్లవాడి హ్యాండిల్ ఎడమకు తిప్పితే చక్రం నేరుగా పోతోంది. ఇంకో పిల్ల పెడలు చేతికే వచ్చింది.

"ఏమప్పా ఇది! ఫొటోలు తీసినారా, సినిమా తీసినారా?" తిప్పేస్వామన్న గొంతులో కోపం, ముఖంలో పండగ. స్పానర్ల సంచి బోర్లించి కూర్చున్నాడు. శ్రీకాంత్ ఫోనులో ఫొటోను, ఎదురుగా కొడుకు సైకిలును మార్చి మార్చి చూస్తున్నాడు.

ఏడూ పదికి ఎస్తేరు వచ్చింది.

"ఆలస్యమైందా మామా?"

"యాడ ఆలస్యం బిడ్డా! ఈళ్ళ సైకిళ్ళే ఇంకా లేవలా!"

ఇంటికి వచ్చేటప్పుడు గౌతమిని అడిగాను. "నిన్న నేనే బిగించినా కదా, ఆ సీటు ఎట్లా వదులైంది?"

"పొద్దున నేనే వదులు చేసినా నాయనా."

నేను బ్రేకు వేసి ఆగిపోయాను.

"మేమందరం చేస్తాం. ఎండాకాలం నుంచి. ఒకసారి మామకు తప్పేమీ దొరక్క, ఉత్త చైనును చూస్తా కూర్చున్నాడు. పాపమనిపించింది. అప్పట్నుంచి ఒక్కో వారం ఒక్కొక్కరం, ఎస్తేరక్క ఇంకా రాకపోతే కట్ట మీదే వదులు చేస్తాం. ఈ పొద్దు మాత్రం అందరం."

"ఎస్తేరు సంగతి మీకెట్లా తెలుసు?"

"ఎస్తేరక్క వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి ఉంటాయి గదా. చూస్తే తెలీదా?" పెద్దవాళ్ళ తెలివి మీద జాలిపడింది. "మామకు చెప్పొద్దు. తప్పులన్నీ తానే కనిపెడతాండానని అనుకుంటాండాడు."

నేను ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారం నాకెందుకో నిద్ర పట్టక, గౌతమిని వాళ్ళమ్మతో రమ్మని, ఐదున్నరకే చెరువుకట్టకు పోయాను. అక్కడ అప్పటికే శ్రీకాంత్ ఉన్నాడు. ఒంటరిగా. అటూ ఇటూ చూస్తూ, ఆ ఖరీదైన సైకిలు సీటు కింద బోల్టులో కీ పెట్టి తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి దొంగలా లేచి నిలబడ్డాడు.

"పోయిన వారం గుట్ట దిగేటప్పుడు ఎస్తేరు నా పక్కన తొక్కిందన్నా" అన్నాడు, నేనేమీ అడక్కముందే. "మాటల్లో అడిగింది, మీ ఇంటికి నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి సార్ అని. మా ఇంట్లో కొళాయి తిప్పితే వస్తాయి."

మళ్ళీ సీటు కిందికి వంగాడు.

"ఇది ఎటు తిప్పితే వదులవుతాదన్నా?"

"ఎడమకు" అని చెప్పి, నా సైకిలును అతని సైకిలు పక్కన ఆనించాను. "నీది అయినాక ఆ కీ ఇటియ్యి."