మూడేసి సున్నాలు

కలిదిండి రోడ్డులో రొయ్యలు ఒలిచే షెడ్డుకి ఆనుకుని చిన్న ఆఫీసు గది ఉండేది. అందులో ప్రసన్నకుమారి టైపిస్టు. గోడకి అవతల ఆమె తల్లి సువార్తమ్మ ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసేది. కూతురు ఆ నీళ్లు ముట్టకూడదనే ఏలూరు పంపి డిగ్రీ చదివించింది, కంప్యూటరు నేర్పించింది.

2007లో కంపెనీని సింగపూరు వాళ్లు కొన్నారు. కూలీ పెంచమని షెడ్డులో ఆడవాళ్లు అడిగితే, ఏడాది జీతాల మొత్తం ఎంతో రాసి పంపమన్నారు. మన లెక్కలో అది 24,00,000. అక్కడివాళ్లకి లక్షలు తెలియవు, మూడేసి అంకెలకో కామా పెట్టాలని మేనేజరు గంగాధరరావు చెప్పాడు. ప్రసన్న రెండు సున్నాలున్న చోట ఇంకో సున్నా చేర్చింది. 24,000,000 అయింది. ఇరవై నాలుగు లక్షలు కాస్తా రెండు కోట్ల నలభై లక్షలైపోయాయి. కింద ఎప్పటిలా 'అక్షరాలా ఇంత' అని రాస్తే తప్పు అక్కడే దొరికిపోయేది. అవన్నీ వాళ్లకెందుకని ఆ వరస తీయించింది ఆ మహానుభావుడే. చూడకుండా సంతకం పెట్టిందీ ఆయనే.

ఇంతేసి జీతాలు ఇస్తూ ఇంకా పెంచేదేమిటని జవాబు వచ్చింది. ఆడవాళ్లు ముఖాలు వేలాడేసుకుని వెళ్లారు. ప్రసన్న తను కొట్టిన కాగితం మళ్లీ తీసి చూసుకుంది. సున్నా ఒకటి ఎక్కువ పడింది.

సరిచేసి పంపుదామంటే గంగాధరరావు కేకలేమీ వెయ్యలేదు. తన పరువు పోతుందన్నాడు. ఆడవాళ్ల కడుపు సంగతి ఆయనకి గుర్తే రాలేదు.

"పంపాలనుంటే నీ పేరు మీద పంపుకోమ్మా. తర్వాత ఈ కుర్చీ సంగతి మాత్రం నన్నడగొద్దు," అన్నాడు మెత్తగా.

ప్రసన్నకి అన్నం సయించలేదు. తల్లికి చెబితే వద్దంటుందని చెప్పనూ లేదు. చివరికి తన పేరుతోనే ఫ్యాక్స్ పంపింది, అంకెల కింద అక్షరాలు కూడా రాసి.

మరుసటి నెల కూలీ పెరిగింది. కుర్చీలోకి గంగాధరరావు మేనల్లుడు వచ్చాడు. చుట్టుపక్కల వేరే ఆఫీసు పని దొరక్క, ప్రసన్న షెడ్డులోకి వెళ్లి తల్లి పక్కన నిలబడి ఐసులో చెయ్యి పెట్టింది. నీవల్లే పెరిగిందమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. సువార్తమ్మ ఒలుస్తున్న రొయ్య వదిలేసి, కూతురి చెయ్యి పైకి లాగి కొంగుతో తుడిచింది.

"ఈ పెరిగిన కూలీ నాకొద్దే," అంది.