బురైమి దారిలో మూడు ప్రార్థనలు

డిసెంబరు రాగానే ఈ అరబ్బు దేశంలో, ఖురంలోని మా ఆఫీసు వంటగదిలో ఎవరో ఒకరు గులాబీ పువ్వుల డబ్బా మూత తీస్తారు. బియ్యప్పిండీ, కోడిగుడ్డూ, యాలకులూ కలిపి, ఇనప అచ్చు ముంచి, నూనెలో వేయించిన ఆ తీపి వాసన ఏసీ గాలిలో కలిసి నా బల్ల దాకా వస్తుంది. మా గోదావరి జిల్లాల వాళ్ళు ఒకటి నోట్లో వేసుకుని "అబ్బ, చిన్నతనం గుర్తొచ్చిందండీ" అని కళ్ళు మూసుకుంటారు. నాకూ చిన్నతనమే గుర్తొస్తుంది, కాకపోతే ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పిల్లకి దేవుడి మీద కోపమనుకుంటారని భయం. నా కోపం దేవుడి మీద కాదు, మా నాన్న మీద.

సీబ్‌లో ఒక విల్లా వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. ఏడాదికి పది నెలలు ఏసీ హోరులోనే బతికే మాకు డిసెంబరంటే ముందుగా ఇంట్లో నిశ్శబ్దం. ఏసీ ఆపేసి కిటికీలు తెరిస్తే పక్కింటి వాళ్ళ గిన్నెల చప్పుడూ, వీధి చివర మసీదు బాంగూ, విమానాల మోతా అన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చేవి. పొద్దున్నే నాన్న కారు అద్దం మీద మంచు పడితే నేను వేలితో నా పేరు రాసేదాన్ని. అట్టముక్కలూ రంగు కాగితాలూ అతికించి చేసిన నక్షత్రాన్ని కిటికీకి లోపలివైపు కట్టేవాళ్ళం. ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ చేతులకింకా డెట్టాలు వాసన వస్తుండగానే పిండి కలపడానికి కూర్చునేది. నూనె కాగేదాకా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాళ్ళమ్మ ఊళ్ళో కట్టెల పొయ్యి మీద ఒక్క పువ్వూ విరక్కుండా ఎలా తీసేదో చెప్పేది.

మా నాన్న పాస్టరు కాదు, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. అయినా సీబ్ నుంచి సోహార్ దాకా తెలుగువాళ్ళ రూముల్లో అందరూ ఆయన్ని అయ్యగారనే పిలిచేవారు. గొంతు మంచిది, వాక్యం బాగా చెబుతాడు, ఎవరు పిలిచినా వెళ్తాడు. మావాళ్ళలో ఒక పద్ధతుంది: ప్రార్థన అడిగితే కాదనకూడదు. ప్రార్థనయ్యాక పెట్టింది తినకుండా లేస్తే ఆ ఇంటివాళ్ళని చిన్నబుచ్చినట్టు. కాబట్టి ఎవరైనా "ఒక్క మాట ప్రార్థన" అంటే దానర్థం రెండు పాటలు, ఒక వాక్యం, పది నిమిషాల ప్రార్థన, ఒక ప్లేటు బిర్యానీ. ఆ లెక్క తెలియనివాడు కాదు మా నాన్న.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది మా పిన్నికి బురైమిలో పురుడొచ్చింది. పిన్ని కూడా నర్సే. పురుడు పోయడానికి అమ్మమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. దుబాయిలో విమానం దిగి, అటునుంచి అటే సరిహద్దులో ఉన్న బురైమి వెళ్ళిపోయింది. మా అమ్మ తన తల్లిని చూసి అప్పటికి నాలుగేళ్ళు. ఒకే దేశంలో ఉండి కూడా నెల రోజులపాటు ఫోన్లోనే మాట్లాడుకున్నారు, ఎందుకంటే అమ్మకి వరసగా రెండు రోజులు సెలవు దొరకలేదు. ఆ ఏడు రంజాన్ పండగ క్రిస్మస్‌కి నెల ముందొచ్చింది. పండగ మూడు రోజులూ, ఆ తర్వాత ఇంకో మూడు రోజులూ తోటి నర్సుల డ్యూటీలన్నీ అమ్మ చేసింది. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. దానికి బదులుగా ఆ అమ్మాయిలు తనకి క్రిస్మస్ రోజూ మర్నాడూ వదిలిపెట్టారు. సరిగ్గా క్రిస్మస్ నాడే అమ్మమ్మ వీసా ఆఖరు. మధ్యాహ్నం మూడింటికి టాక్సీ ఎక్కితే గానీ దుబాయిలో విమానం అందదు. మేం పొద్దున్నే బయల్దేరితే పన్నెండింటికల్లా చేరతాం, తల్లీకూతుళ్ళకి మూడు గంటలు దొరుకుతాయి. అంతే, మూడే మూడు గంటలు.

అమ్మ నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే తిన్నగా కారెక్కింది. గుండెల మీద నర్సుల గడియారం తలకిందులుగా వేలాడుతోంది. అమ్మమ్మ ముందు కట్టుకోవాల్సిన కొత్త చీర సంచీలో ఉంది, దార్లో ఎక్కడైనా మార్చుకుంటానంది. వెనక సీట్లో నేనూ, గులాబీ పువ్వుల డబ్బా, నారింజ పళ్ళూ, పిన్ని బుజ్జిగాడికి ఉన్ని టోపీ. ఎడమవైపు దూరంగా కొండలు నీలంగా, కుడివైపు ఖర్జూర తోటల వెనక సముద్రం ఉందో లేదో తెలియకుండా. చేపల పికప్పులు మమ్మల్ని దాటిపోతుంటే అమ్మ ముక్కు మూసుకుని నవ్వింది. ఆ నవ్వు బర్కా దాకానే.

బర్కా రౌండబౌట్ దగ్గర నాన్న కారు పక్కకి తిప్పాడు. అక్కడి రూములో వాళ్ళకి వారం ముందే మాటిచ్చాడట, అమ్మకి చెప్పలేదు.

"ఏవండీ, అమ్మకి మూడింటికి టాక్సీ అండీ," అంది అమ్మ.

"పది నిమిషాలే. దేవుడి పని మనం చూస్తే మన పని ఆయన చూసుకుంటాడు."

పది నిమిషాలు గంటన్నరయింది. ఆ ఆలస్యంలో నా వాటా కూడా ఉంది, అది దాచను. అక్కడ నన్ను స్టూలెక్కించి పాడమంటే చేతులూపుతూ పాడాను. చప్పట్లు కొడితే మళ్ళీ పాడాను. రెండు కేకు ముక్కలు తిన్నాను. గుమ్మం దగ్గర చెప్పుల మధ్య నిలబడి అమ్మ గడియారం పైకెత్తి చూసుకోవడం చూశాను, చూసి మూడో ముక్క అడిగాను.

సువైక్‌లో రెండోది. ఎవరో కొత్త కారు కొన్నారు, దానికి ప్రతిష్ఠ ప్రార్థన. బండి బానెట్ మీద చెయ్యి పెట్టి మా నాన్న ఆ ఇంజనుకీ, ఆ టైర్లకీ, అది తిరగబోయే దారులన్నిటికీ దీవెనలడిగాడు. మా పాత కారులో కూర్చున్న మనిషి ఎక్కడికి చేరాలో మాత్రం ఆయనకి గుర్తు రాలేదు. పలావూ కోడికూరా పెట్టారు. అమ్మ కలియబెట్టి వదిలేసింది. ఇంటావిడ "అమ్మగారికి మా వంట నచ్చినట్టు లేదండీ" అని నొచ్చుకుంటే నాన్న అమ్మవైపు గుడ్లురిమి చూశాడు.

సోహార్ దగ్గర పడుతుండగా ఫోన్ మోగింది. నర్సయ్య గురించి మీకు చెప్పాలి. జగిత్యాల వైపు మనిషి, ఒకప్పుడు నాన్న స్టోర్‌లో హెల్పరు, తర్వాత సోహార్ సైట్‌కి మారాడు. ప్రార్థనలతో అతనికి పనిలేదు, నాలుగు తెలుగు మాటల కోసం మా ఇంటికొచ్చేవాడు. ఊళ్ళో వాళ్ళమ్మ చనిపోయి మూడు రోజులైందనీ, కంపెనీ పంపలేదనీ, మనిషి అన్నం ముట్టడం లేదనీ అతని రూమువాళ్ళు ఫోన్లో చెప్పారు. నాన్న వెంటనే కూలీలుండే క్యాంపు వైపు తిప్పాడు. తల్లి పోయిన మనిషి దగ్గరికి వద్దని అమ్మ మాత్రం ఎలా అనగలదు?

రేకుల గదిలో ఆరు మంచాలు. నర్సయ్య గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు, గడ్డం మాసిపోయింది. మమ్మల్ని చూసి లేవబోయి, "గీ దినం మీకు పండుగ గద సారూ, ఎందుకొచ్చిన్రు?" అన్నాడు. నాన్న అతని భుజం పట్టుకుని కూర్చున్నాడు, చాలాసేపు మాట్లాడాడు, చక్కగానే మాట్లాడాడు. రూములో వాళ్ళు అన్నం వండుతున్నారు. అది ఉడికేదాకా ఆగాలి, నర్సయ్య తినేదాకా ఆగాలి. నాకు విసుగొచ్చి, "మా అమ్మమ్మ మూడింటికి వెళ్ళిపోతుంది" అని గట్టిగా అనేశాను.

నర్సయ్య తలెత్తి మా అమ్మని చూశాడు. ఆ యూనిఫామూ, ఎర్రబడ్డ కళ్ళూ చూశాడు. "అక్కా, లేవుండ్రి. పోండ్రి జల్ది. మీ అమ్మ ఎదురుసూస్తుంటది. మీకు నా తీరు గావద్దు," అన్నాడు.

ఆ గదిలో మా అమ్మ సంగతి పట్టినవాడు అతనొక్కడే. తల్లి చనిపోయి, అన్నం మానేసి, నేల మీద కూర్చున్నవాడికి పట్టింది. మా నాన్నకి పట్టలేదు. "దేవుడు చూసుకుంటాడు నర్సయ్యా, ముందు నువ్వో ముద్ద తిను," అన్నాడాయన. అమ్మే లేచి, ఆ ఉడికీ ఉడకని అన్నంలో పెరుగు కలిపి, పళ్ళెం నర్సయ్య చేతిలో పెట్టింది. అతను నాలుగు ముద్దలు మింగేదాకా ఎదురుగా నిలబడింది. మేం బయటపడేసరికి రెండు కావస్తోంది.

కొండల్లోకి వెళ్ళాక ఫోన్ పలకలేదు. అప్పట్లో బురైమికి ముందు చెక్‌పోస్టు ఉండేది, పాస్‌పోర్టులు చూపించి ముద్రలు వేయించుకుని గానీ దాటలేం. సెలవు మీద పోయే బళ్ళతో లైను కొండ మలుపు దాకా ఉంది. అమ్మ గడియారం చూడటం మానేసింది. నాన్న పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆ రోజు ఆయన చేసిన వాటిలో అమ్మ కోసం చేసిన ప్రార్థన అదొక్కటే, అదీ ఆలస్యంగా.

మేం చేరేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. పిన్ని బిల్డింగు మెట్ల మీద పిల్లాణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉంది. నాన్న కారు దిగీ దిగకముందే మొదలుపెట్టింది. "రెండుసార్లు టాక్సీ ఎక్కి రెండుసార్లు దిగింది బావగారండీ! ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలని ఆ డ్రైవర్ని బతిమాలింది. మూడున్నర దాకా ఆగింది. ఎక్కడున్నారండీ మీరు?"

లోపల బల్ల మీద మూడు పళ్ళేలు, వాటి మీద మూడు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. మంచం మీద మాకు పెట్టిన కొత్త బట్టలు. మావాళ్ళ పద్ధతి ప్రకారం పెద్దావిడ వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి ఇవ్వాలి, ఆ ప్రార్థన కూడా చేసేసి వెళ్ళిందట. అమ్మ బట్టలు ముట్టుకోలేదు. యూనిఫాంలోనే వంటింట్లోకి వెళ్ళి, అమ్మమ్మ తాగి పెట్టిన టీ గ్లాసు కడగకుండా చేత్తో పట్టుకుని నిలబడింది. నాన్న అందర్నీ పిలిచి, క్షేమంగా చేర్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెబుదాం, కళ్ళు మూసుకోండన్నాడు. నేను మూసుకోలేదు. అమ్మ కూడా మూసుకోలేదు. ఒకరినొకరం చూసుకున్నాం.

ఆ మరుసటి వేసవిలో అమ్మమ్మ పోయింది. అమ్మకి సెలవు దొరికి ఊరు చేరేసరికి సమాధి మీద పూలు వాడిపోయాయి.

పోయిన డిసెంబరులో నాన్న రిటైరైతే ఒక హాల్లో వీడ్కోలు కూడిక పెట్టారు. సాక్ష్యాలు చెప్పేటప్పుడు సోహార్ నుంచి వచ్చిన ఒకాయన లేచి, తల్లి పోయిన ఒక కూలీ దగ్గర క్రిస్మస్ పూట అయ్యగారు కుటుంబంతో సహా కూర్చున్నారని చెబితే హాలంతా స్తోత్రం అంది. శాలువా కప్పుకున్న నాన్న వినయంగా తలవంచాడు. పక్కనే తెల్లచీరలో ఉన్న అమ్మ చప్పట్లు కొట్టింది. కళ్ళెదుట జరిగిన దొంగతనాన్ని దానధర్మమని పొగుడుతుంటే వింటూ కూర్చున్నాను. ఆ రోజు నాన్న దానం చేసింది తన టైమ్ కాదు, ఆరు డ్యూటీలు చేసి అమ్మ సంపాదించుకున్న టైమ్.

పోయిన క్రిస్మస్ నాడు నాన్న పొద్దున్నే ఏదో ప్రార్థనకి వెళ్ళాడు. నేను అమ్మని నా కారెక్కించాను. "ఎక్కడికే?" అంటే చెప్పలేదు. ఎక్కడా ఆపలేదు. బర్కాలో రౌండబౌట్లు కనబడని కొత్త రోడ్డు. సోహార్‌లో ఆ రేకుల క్యాంపు లేదు. నర్సయ్య ఎప్పుడో ఊరెళ్ళిపోయాడు. చెక్‌పోస్టు ఉండే చోట బళ్ళ లైను లేదు, మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పిన్ని ఐర్లండ్ వెళ్ళిపోయి పదేళ్ళు దాటింది. ఆ బిల్డింగు ఉన్నచోట టైర్ల షాపు కనిపిస్తే దాని ముందు ఆపాను. ఏడింటికి బయల్దేరాం, అప్పటికింకా పది కూడా కాలేదు.

"వచ్చేశామా?" అంది అమ్మ. అద్దంలోంచి అటూ ఇటూ చూసింది. "ఇంతేనా దారి?"

"ఇంతేనమ్మా."

నాన్న మీద ఒక్క మాట కూడా అననిది మా అమ్మ. డ్రైవింగ్ నేర్చుకుంటానని ఎన్నిసార్లడిగినా ఆయన "నేనున్నాగా" అంటే నోరు మూసుకున్నది. నా చేతుల్లో ఉన్న స్టీరింగ్ వంక చూస్తూ అంది:

"ఆ రోజు నాకిది వచ్చుంటే, ఆయన్ని నర్సయ్య దగ్గర ఒదిలేసి నేనొచ్చేసేదాన్ని."