మొద్దన్న కోపం, నీళ్ళ పొదుపు

మా వీధి చివర మాంసం కొట్టాయన్ని అందరూ మొద్దన్న అంటారు. మాంసం నరికే మొద్దు ఎలా ఉంటుందో మనిషీ అలాగే ఉంటాడు, అడ్డంగా, నిండా గాట్లతో. కోపం ముక్కు మీద కూడా కాదు, నేరుగా చేతిలోనే. "వీడికి మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది" అని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ ఏడ్చింది.

పక్క వాటా తమ్ముడిది. బండ్లు కడిగే షెడ్డు నడుపుతాడు. ఇద్దరికీ వీధి పైపు ఒక్కటే. తమ్ముడు ఏం చేశాడూ, ఆ పైపుకి మోటారు బిగించాడు. ఇంకేముంది! అక్కడ స్విచ్ వేస్తే ఇక్కడ అన్న కుళాయి గాలి కక్కేది.

ఒకరోజు మొద్దన్న ఇనప బకెట్ పట్టుకుని వెళ్ళాడు.

"మోటారు ఆపుతావా, ఆపవా?"

"ఆపను. దిక్కున్న చోట చెప్పుకో."

అంతే, బకెట్ గిర్రున తిరిగింది. మొదటి దెబ్బకి తమ్ముడి చెవి చీరింది. ఆ తర్వాతది నెత్తిన పడాల్సిందే. అడ్డం వెళ్ళిన వదిన, అదే మొద్దన్న పెళ్ళాం, మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిచినట్టు టక్‌మంది. గుమ్మాల్లో నిలబడ్డ మా అందరికీ వినిపించింది. తమ్ముడి నెత్తురు కాలవలోకి కారుతుంటే, మోటారు మాత్రం జుయ్‌మని నీళ్ళు లాగుతూనే ఉంది!

వదిన కట్టుతో తిరిగొచ్చి ఒక్క ముక్క చెప్పింది. "ఇంకోసారి నీళ్ళ కోసం నీ చెయ్యి ఎవరినైనా కొట్టిందా, పిల్లని తీసుకుని మా అన్న దగ్గరికి పోతాను. మళ్ళీ మా మొహాలు చూడవు." ఉత్తుత్తి బెదిరింపులు ఆవిడకి తెలీవు. మొద్దన్నకేమో కూతురంటే పంచప్రాణాలు.

"మరి మోటారు సంగతి ఫిర్యాదు చెయ్యొచ్చుగా?" అన్నాన్నేను. "సొంత తమ్ముడి మీదా?" అని నా మీదకే కత్తి చూపించాడు మహానుభావుడు. చెవి చింపితే తప్పులేదు గానీ, ఫిర్యాదు తప్పట!

కోపం చంపుకోవడం ఆయన వల్ల కాదు. అది ఆయనకీ తెలుసు. అందుకే ఇలా లెక్కేసుకున్నాడు: నీళ్ళు చాలకపోతే వాడింటికి వెళ్తాను, వెళ్తే కొడతాను, కాబట్టి మోటారు ఆగినప్పుడు వచ్చే సన్నటి ధారతోనే సరిపెట్టాలి. ఇక ఆ పంతం చూడాలి!

కొట్టులో మొద్దు మీద పైపు పెట్టి కడగడం మానేశాడు. ఉప్పు జల్లడం, కత్తి వెన్నుతో గీకడం, తుడవడం, ఆఖర్న చెంబెడు వేణ్ణీళ్ళు. అదే పద్ధతి వంటింటికీ తెచ్చాడు. అంట్లు ముందు పొడిగా గీకాలి, తర్వాత ఒక గిన్నెలో నీళ్ళతో తోమాలి, ఇంకో గిన్నెలో ముంచి తియ్యాలి. కుళాయి కింద పెట్టారా, ఇల్లు ఎగిరిపోయేలా అరుపులు. స్నానాలగదిలో షవర్‌ని కత్తితో ఒక్క వేటు వేశాడు. ఎగిరి గోడకి కొట్టుకుని పడింది.

"ఇక నుంచి బకెట్టూ చెంబే!"

"తిప్పితే ఊడొచ్చేది కదా నాన్నా," అంది కూతురు.

కారుతున్న కుళాయిని పీక నులిమినట్టు నులిమితే విరిగి చేతికొచ్చింది. కొత్తది వేశాక చుక్క కారలేదు. కక్కసు టాంకులో ఇసక నింపిన సీసా దింపాడు, మీట నొక్కినప్పుడల్లా ఆ మేరకు నీళ్ళు మిగలాలని. అంతా బానే ఉంది గానీ, మొద్దు గీకిన ఉప్పునీళ్ళు వృథా ఎందుకని తెచ్చి వదిన కుండీల్లో పోశాడు. నవనవలాడే మొక్కలన్నీ మాడి చచ్చాయి.

"మనుషులైపోయారు, ఇక మొక్కల మీద పడ్డావా?" అంది వదిన. అప్పట్నుంచీ కూరగాయలు కడిగిన నీళ్ళు కుండీలకి, బట్టలు జాడించిన నీళ్ళు కక్కసుకి. ఉప్పునీళ్ళ జోలికి పోలేదు.

ఎండలు ముదిరాక తమ్ముడి మోటారుకే నీళ్ళు అందలేదు. షెడ్డు మూతపడింది. గోడ మీంచి చూస్తే అన్న పెరట్లో పెద్ద తొట్టి నిండా నీళ్ళు! "నా పైపుకి కన్నం పెట్టావురా దొంగా!" అంటూ ఇనప రాడ్డు పట్టుకుని గోడ దూకాడు. మొద్దన్న తిరిగి చూసేలోపే భుజం మీద పడింది. ఎముక విరిగినట్టే చప్పుడు.

ఇంకా ఆగుతాడా? రెండో చేత్తో తమ్ముడి మెడ దొరకబుచ్చుకుని తొట్టిలోకి ముంచేశాడు. వాడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. బుడగలొస్తున్నాయి. "అన్నయ్యా, వదిలెయ్, చస్తాడు!" అని మేం గోల. గుమ్మంలో వదిన అరవలేదు. "చెప్పులేసుకోవే," అంది కూతురితో.

అప్పుడు వాడు తన్నిన తన్నుకి తొట్టి ఒరిగింది. నీళ్ళు అంచు దాటి పోతున్నాయి. మొద్దన్న చెయ్యి తమ్ముడి మెడ వదిలేసి తొట్టిని పట్టుకుంది! తను ఆలోచించాడని నేననను, ఆ చేతికి అదే అలవాటైపోయింది.

తమ్ముడు దగ్గుతూ లేచి వీపు మీద మళ్ళీ బాదాడు. మొద్దన్న వంగి తొట్టి పట్టుకునే ఉన్నాడు. "కొట్టరా, ఎంత కావాలంటే అంత కొట్టు. ఇవి మాత్రం పారబోయకు."

తమ్ముడు నోట్లోది ఉమ్మేసి, "ఛీ, సబ్బు నీళ్ళా?" అన్నాడు.

"మరి పన్నీరనుకున్నావా? బట్టలు జాడించినవి. కక్కసులోకి."

రాడ్డు దిగింది. దొంగిలించినవాడెవడూ సబ్బునీళ్ళు దాచుకోడు కదా. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

వదిన మెట్లు దిగొచ్చింది. "మెడ పట్టుకున్నావు, చూశాను. వదిలావు, అదీ చూశాను."

మొద్దన్న తొట్టి అంచు వదల్లేదు.

ఆవిడ వంగి తొట్టికి ఇటు అంచు పట్టుకుంది. "ఎత్తు. ఇవి పోసొచ్చాక కట్టు కట్టించుకుందువుగాని."