అరవైలో ఇరవై మూడు

నలభై ఏళ్లకు పైగా ఒక సంఖ్యను మోస్తున్నాను. ఇరవై మూడు. ప్రతిదీ తేదీ వేసి రాసుకునే అలవాటున్న నేను దీన్ని మాత్రం ఏ కాగితం మీదా పెట్టలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మిషిగన్‌లో చేపల పరిశోధన చేసే ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఎన్ని చేపలను పరీక్షిస్తే ఒక ఏటిలో జబ్బు ఉందో లేదో నమ్మకంగా చెప్పవచ్చో తేల్చేదాన్ని. నా మాట మీద కమిటీ నిధులు ఇచ్చేది.

పక్క గదిలో పద్మజ ఉండేది. వరంగల్ అమ్మాయి, నాకంటే పన్నెండేళ్లు చిన్న. చేపల జబ్బుల మీద డాక్టరేట్ చేసింది. ఉత్తరాన ఒక ఏటిలో, ఎవరూ పెంచకుండా తమంతట తాము పుట్టి పెరిగే ట్రౌట్ చేపలకు తలలోని మెత్తని ఎముకను తినే పరాన్నజీవి పట్టిందని ఆమె అనుమానం. అది సోకిన పిల్ల చేపలు బొంగరాల్లా గిరగిరా తిరిగి చస్తాయి. ఆమె మూడేళ్ల పరిశోధనకు నిధులు అడిగింది. ఆమె ఉద్యోగమూ ఆ నిధుల మీదే ఆధారపడి ఉంది. ముందు జబ్బు ఉందని చూపించమంది కమిటీ. అరవై చేపలను చంపి తలలు పరీక్షించాలి అని ప్రణాళికలో రాసింది నేనే. ఒక్కదానిలో కనబడినా చాలు.

1984 అక్టోబరులో, ఏటికి బయలుదేరాల్సిన వారం ముందు పద్మజ చీలమండ విరిగింది. ఆమెకు బదులుగా నేను వెళ్లాను.

తోడు వచ్చిన పనివాడు నీళ్లలోకి కొద్దిగా కరెంటు పంపి, సొమ్మసిల్లిన చేపలను తొట్లలోకి ఎత్తి, సామాను సర్దడానికి ట్రక్కు దగ్గరికి పోయాడు. అరవై చేపలు, నేను. ఒక్కోదాన్ని చంపి, తలను నిలువునా రెండుగా కోయాలి. ఒక సగం ల్యాబ్‌కి, రెండో సగం మా దగ్గర దాచడానికి.

నాకు చేపలు కొత్త కాదు. గోదావరి ఒడ్డున పుట్టాను. పులుసులో జన ముక్క కోసం, అంటే చేప గుడ్ల ముక్క కోసం, మా అక్కతో పోట్లాడిన దాన్ని. ముప్పై ఏడు వరకు ఆగకుండా కోశాను.

ముప్పై ఎనిమిదోది ఆడది. ఒంటి మీద ఎర్రని చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నీలం వలయం, రెక్కల అంచున సున్నంతో గీసినట్టు తెల్లని గీత. నా అరచేతిలో రెండు గుడ్లు వదిలింది. నారింజ రంగువి, లోపల దీపం పెట్టినట్టున్నాయి. తల ఎత్తాను. మూడు గజాల దూరంలో మరో ఆడ చేప పక్కకు ఒరిగి, గులకరాళ్లను తోకతో కొట్టి గుంట చేస్తోంది. ఆగి, చూసుకుని, మళ్లీ కొట్టేది. ఆ చలిలో, ఆ ప్రవాహానికి ఎదురు. మనిషి ఆ ఏటికి రాకముందు నుంచీ, ఎవరూ నేర్పకుండా, ఏటేటా ఇదే రాళ్ల మీద ఇదే పని జరుగుతోందని నాకు తెలుసు. ఎన్నిసార్లు రిపోర్టుల్లో రాశానో. చూడటం అదే మొదలు. ఏ గుడిలోనూ అలా ఊపిరి బిగబట్టి నిలబడలేదు.

చేతిలోదాన్ని ఏటిలో వదిలి, తొట్టి వంచాను. వెళ్లిపోతుంటే లెక్కపెట్టాను. ఇరవై మూడు.

అంతవరకే అయితే ఇది తప్పు కాదేమో. కానీ ముప్పై ఏడే అని రాస్తే కమిటీ ఒప్పుకోదు, మళ్లీ వచ్చి అరవై చంపాలి. అది భయం. నేను చంపలేకపోయానని చెప్పుకోవడం సిగ్గు. రెండింటిలో ఏది ఎక్కువ? సిగ్గే అనుకుంటాను. దాచాల్సిన సగాల్లోంచి ఇరవై మూడు తీసి, వేరే చేపలవన్నట్టు నంబర్లు వేసి ల్యాబ్‌కి పంపాను.

సోమవారం పద్మజ కట్టు కట్టిన కాలు కుర్చీ మీద పెట్టుకుని నా కోసం చూస్తోంది.

“గోదావరోళ్లను చేపల కాడికి పంపితిమి. అరవైల ఎన్ని పులుసుల పడ్డయి అక్కా?”

“ఒక్కటీ పడలేదమ్మా.”

“పక్కా అరవైయేనా? కమిటీవోళ్లు క్రాస్ చెక్ చేస్తరు మల్ల.”

“అరవై.”

“ఊకె జోక్ చేసిన అక్కా. మీరు కౌంట్ చేసిన్రంటే నాకింక టెన్షనే లేదు.”

జబ్బు కనబడలేదని ల్యాబ్ రాసింది. నవంబరులో నిధులు వేరే ఏటికి వెళ్లాయి. తన అనుమానమే తప్పనుకుంది పద్మజ. నా లెక్కను ఒక్క క్షణం కూడా శంకించలేదు. 1985 జూన్‌లో ఎడిసన్ అనే ఊరికి వెళ్లిపోయి కంప్యూటర్ పని నేర్చుకుంది. మళ్లీ చేపల జోలికి రాలేదు. 1987 వసంతంలో ఆ ఏటిలో పిల్ల చేపలు గిరగిరా తిరుగుతూ కనిపించాయి.

వదిలేసిన వాటిలో జబ్బుది ఉందా? తెలియదు. ఇరవైకి ఒకటి జబ్బుదైతే, అరవైలో ఒక్కటీ దొరక్కపోయే అవకాశం వందకు ఐదులోపు. ముప్పై ఏడులో అయితే పదిహేను. మధ్యనున్న ఆ పదీ నావి. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

1989 అక్టోబరులో ఒంటరిగా ఆ ఏటికి వెళ్లాను. గంటన్నర కూర్చుంటే ఒకే ఒక్క ఆడ చేప వచ్చింది. పక్కకు ఒరిగి, రాళ్లను కొట్టడం మొదలుపెట్టింది. మళ్లీ ఊపిరి బిగబట్టాను. చూసే హక్కు నాకు లేదనిపించింది. అయినా చూశాను.

ప్రతి జనవరిలో పద్మజ కార్డు పంపుతుంది. ప్రతిసారీ జవాబు రాస్తాను. ఈసారి దీన్నే పంపుతాను.

పక్కా అరవైయేనా అని అడిగావు కదా, పద్మా. కాదు. ముప్పై ఏడు.