మా మావయ్య రొమ్ములో ఏటిగట్టు

ముందే ఒప్పుకుంటున్నాను. నా మాటల్లో మీకు తాటికాయంత కనబడితే ఉసిరికాయంత తీసుకుని, మిగిలింది నాకే వదిలెయ్యండి. మొన్న వరదకు మా నరసాపురం ఏటిగట్టుకు ఇవతల, నేలలోంచి నీళ్లు బుడబుడమని ఉబికి వచ్చాయి. మావాళ్లు దాన్ని బుగ్గ అంటారు. నా కళ్లకు మాత్రం ఐరావతం తొండమెత్తి చిమ్ముతున్నట్టే ఉంది. కొత్తగా వచ్చిన ఉద్యోగి ఒకాయన దాని నోట్లో మట్టి కొట్టించబోతుంటే, పూడ్చకండి, చుట్టూ కట్టండి అని నేను అరిచిన అరుపుకు గోదావరి అవతల సఖినేటిపల్లి రేవులో పడవ ఎక్కబోయేవాళ్లు వెనక్కి తూలారు. గొంతు నాదే గాని ఆ అరుపు మా మేనమామది.

ఆయన ఆ గట్టుకు లస్కరు, అంటే కాపలాదారు. ఆయన కేక వేస్తే కొంగలు లేచి అంతర్వేది దాకా ఎక్కడా వాలేవి కావు. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. నడుము మీద పంచె నిలవనంతగా చిక్కిపోయి, ఒకనాడు తువ్వాల్లో నెత్తురు చూసుకుని, గట్టు మీద తిరిగే కర్రను అటకెక్కించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక లేవకూడదనే నిశ్చయించుకున్నాడు. అత్తయ్య కంచంలో వడ్డించింది వడ్డించినట్టే ఉండేది.

అప్పటికి నేను ఆసుపత్రిలో కాంపౌండరుని. డాక్టరుగారు మావయ్య కఫానికి రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, నన్నూ చూడమన్నారు. సన్నని ఎర్రటి పుల్లలు, అక్కడొకటి ఇక్కడొకటి. కాకినాడ రేవులో ఓడల తెరచాప కొయ్యలన్నీ ఒక్కసారి లేచినట్టు నాకు కనిపించాయంటే అది నా గుండె చేసిన పని. క్షయ అన్నారు. ఆ క్రిమిని చంపే మందు ఇంకా రాలేదు గాని, పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి ఒంట్లో పుట్టుకతోనే ఉందన్నారు. మన నెత్తురులో తెల్ల కణాలుంటాయట. ఎవరూ నేర్పకుండానే, పేరూ ఊరూ అడక్కుండానే, లోపలికి వచ్చిన ప్రతి క్రిమినీ మింగేస్తాయట. మామూలు క్రిమి అయితే అరిగిపోతుంది. ఇది ఒంటికి మైనం పూసుకున్న రకం. కొంగ ముళ్ల జెల్ల చేపను మింగినట్టు, లోపలికైతే పోతుంది గాని అరగదు, పైగా మింగినవాడి కడుపులోనే కాపురం పెట్టి పిల్లల్ని కంటుంది. అప్పుడు తక్కిన తెల్ల కణాలు పరుగున వచ్చి, దాని చుట్టూ వరస మీద వరసగా మూగి గోడ కట్టేస్తాయట. లోపల క్రిమి చావదు, బయటికీ రాదు. మనిషి బలం తగ్గిన రోజున మాత్రం ఆ గోడ జారుతుంది.

నేను తిన్నగా మావయ్య మంచం దగ్గరికి వెళ్లాను.

“మావయ్యా, డాక్టరుగారి అద్దంలో కళ్లారా చూశాను. మీ రొమ్ములో బుగ్గ లేచిన మాట నిజమే. కాని చుట్టూ గట్టు కట్టేశారు.”

గోడవైపున్న ముఖం ఇటు తిరిగింది. “ఎవరు?”

“మీవాళ్లేనండి. తెల్లబట్టల వాళ్లు.”

“పూడ్చలేదు గదా? పూడిస్తే ఇంకోచోట తన్నుకొస్తది.”

“లేదండి. చుట్టూనే కట్టారు.”

“పనోళ్లేరా అల్లుడూ! మరి వాళ్లకి కూడెవరు పెడతన్నారు?” అంటూ లేచి కూర్చుని, గంజి తెమ్మని అత్తయ్యను కేకేశాడు.

ఆ పూట నుంచి అదే ఆయన ఉద్యోగం. పాలు తాగినా, గుడ్డు తిన్నా, చేపల పులుసు జుర్రినా తనకోసం కాదు, లోపలి కూలీల కోసం. గాలాడే అరుగు మీదే పడక, సున్నం వేసిన మూకుట్లోనే ఉమ్మి. గట్టు అదురుతుందని అరుపు మానేశాడు. పెనుగొండ ఉత్సవానికి చుట్టాలు బండి కట్టుకొచ్చి పిలిచినా, కాపలా వదిలి ఎలా వస్తానని వాళ్లనే కోప్పడి పంపేశాడు. దగ్గు ఎగదన్నినప్పుడల్లా రెండు చేతులూ రొమ్ముకు అదిమిపెట్టి, ఆగండ్రా, జారనివ్వకండని లోపలివాళ్లకు చెప్పుకునేవాడు. ఏడాది గడిచేసరికి దగ్గు వెనకడుగు వేసింది. ఆ మరుసటి వరదకు కర్ర అటక దిగింది.

చాలా వరదల తర్వాత, బాగా ముసలివాడయ్యాక, ఒకరోజు అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగాడు. “అవునుగాని అల్లుడూ, రొమ్ము కొయ్యకుండా లోపల గట్టు నీకెలా కనబడిందిరా?”

నేను పనున్నట్టు లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

“నాకా రోజే తెలుసులే. గట్టుందో లేదో చూసొచ్చాకే కాపలా కాత్తానంటే, ఇంక లస్కరెందుకు?”

మొన్నటి బుగ్గ చుట్టూ బస్తాలు పేర్చాక నీళ్లు తేటపడ్డాయి, గట్టు నిలిచింది. కాని ఇప్పుడక్కడి కొంగలు ఎవరి కేకకూ లేవడం లేదు. ముందు చూపించండి, తర్వాత చేస్తాం అనేవాళ్లే ఎటు చూసినా. తొండమూ, ఓడల కొయ్యలూ, పడవ రేవులో తూలినవాళ్లూ మీ ఇష్టమొచ్చినంత తగ్గించుకోండి, వాటి అడుగున ఎంతో కొంత నిజముంది. అడుగన్నది లేకుండా నేను పుట్టించింది అద్దంలో చూసిన ఆ గట్టు ఒక్కటే. డాక్టరుగారు చెప్పింది అందరి ఒంటి సంగతి. మావయ్య రొమ్ములో కట్టారో లేదో ఆ రోజు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.