గంటన్నర ప్రయాణానికి పద్నాలుగు ఇళ్ళ ప్రార్థన

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా తమ్ముడి కూతురు ఫోను నా ముఖం మీద పెట్టి, "చూడత్తా! జగదల్‌పూర్ నుంచి హైదరాబాదుకి ఆకాశంలో నాలుగువందల ముప్పై కిలోమీటర్లే. గంటన్నర కూడా పట్టదంట!" అంది. ఆ సంగతి నాకు ఫోను చెప్పాలా? మా పెద్దత్త, అంటే నాన్నగారి అక్క, విమానమెక్కిన రోజున ఆ గంటన్నరను జగదల్‌పూర్‌కు అవతల గనుల ఊరు కిరండూల్‌లోని మా తెలుగు చర్చి సంఘమంతా మోకాళ్ళ మీద కొలిచింది.

మావన్నీ విశాఖ వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలు. ఎవరు ప్రయాణమైనా గొలుసు ప్రార్థన పెట్టుకోవడం మా అలవాటు. బండి కదిలింది మొదలు దిగేదాకా గంటకొక ఇంటి వంతు. ఒక ఇంట్లో ఆమెన్ అనగానే పక్క ఇల్లు అందుకోవాలి. విశాఖ బండికి పద్నాలుగు ఇళ్ళు పట్టేవి. బండి కొండ సొరంగాలు దాటే వేళ వంతు పడినవారికి కాస్త గర్వం కూడా ఉండేది, ప్రభువు క్షమించుగాక.

ఆ ఏడు హైదరాబాదులోని మా చిన్నత్తకు గుండె ఆపరేషను. రేపు సాయంత్రం నాలుగింటికని ముందురోజు కబురొచ్చింది. "లోపలికి తీసుకెళ్ళేలోగా అక్కని ఒక్కసారి సూడాల" అని ఫోనులో ఏడ్చింది. రైలుకు, రోడ్డుకు అందే పని కాదు. పెద్దత్తకు విమానం టికెట్ కొన్నాం. తమ్ముడు తెల్లవారకముందే జీపులో ఆమెను జగదల్‌పూర్ తీసుకెళ్ళాడు. నేను సంఘ పుస్తకంలో అలవాటు కొద్దీ పద్నాలుగు ఇళ్ళూ రాసేశాను. పాస్టరు అయ్యగారూ చూసి తలూపారు.

విమానం లేచిందని పదకొండున్నరకు తమ్ముడి ఫోను. మొదటి ఇల్లు మొదలుపెట్టింది. రెండో ఇంటివారు ఇంకా కళ్ళు తెరవనేలేదు, నా ఫోను మోగింది. "ఒలే గుంటా, దిగిపోనాను! పులిహోర పొట్లం ఇప్పనేనేదు!" అని పెద్దత్త కేక. మేం ఎగిరి గంతేశాం. మూడో ఇంటి మావయ్య మాత్రం తలకు స్నానం చేసి, బైబిలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మరి నా వంతేటయిపోద్ది? పొద్దున్నుంచి తయారుగున్నాను!" ఆయన వెనకే మిగతా ఇళ్ళూ గొడవకు దిగాయి.

అయ్యగారు నవ్వారు. "వంతులెక్కడికీ పోవు. అసలు ప్రయాణం ఆపరేషనుకెళ్ళే చిన్నమ్మగారిది. నాలుగింటికి కదా బయలుదేరేది? అందుకోండి మావయ్యా!"

మావయ్య మోకాళ్ళూనాడు. మూడున్నరకు పెద్దత్త ఆసుపత్రిలో చెల్లెలి చేయి పట్టుకుంది. లోపలికి తోసుకెళ్ళేదాకా వదల్లేదట. తొమ్మిదో ఇంటివారు ప్రార్థనలో ఉండగా, "బాగుంది, నన్ను అక్కా అని పిలిచింది" అని పెద్దత్త నుంచి కబురొచ్చింది. మిగిలిన ఐదిళ్ళూ తమ వంతులు మానలేదు. అడగడానికి దాచుకున్న గంటలను స్తుతికి ఖర్చు చేశాయి.

ఇప్పుడు ఎవరైనా దూరాలు తగ్గాయని సంబరపడితే నేనూ సంబరపడతాను. కానీ ఆ మిగిలిన గంటలు ఎవరికోసం మిగిలాయోనని, వెంటనే చుట్టూ చూస్తాను.