లూన్‌ని గుంటలో వదిలిన ఇంజినీరు

విమానం నేల విడవాలంటే ఎంత దూరం పరిగెత్తాలో లెక్కగట్టడం నా ఉద్యోగం. అలాంటి నేను, చక్కగా ఎగిరే పక్షిని ఎగరకుండా చేశాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఉండేవాళ్లం. ఆ వేసవిలో మాకు పుట్టాల్సిన పాప కడుపులోనే పోయింది. నా భార్య సుజాత ఏడవలేదు. మాటలు మాత్రం తగ్గించేసింది. నవంబరులో ఒక వాన పొద్దున, కిటికీ దగ్గర నుంచి తనే పిలిచింది.

"ఏమండీ, పార్కింగ్ లాట్‌లో బాతేదో పడింది. లేవలేకపోతోంది పాపం!"

బాతు కాదు, లూన్. సరస్సుల్లో మునిగి చేపలు పట్టే పక్షి. తడిసిన తారును నీళ్లనుకుని దిగినట్టుంది. కాళ్లు ఎక్కడో తోక దగ్గర ఉండటంతో నడవలేక పొట్టమీద పాకుతోంది.

"నీళ్లలో వేస్తే సరి. సింపుల్ ప్రాబ్లం," అన్నాను.

"పొడుస్తుందేమోనండీ!"

"నేను హ్యాండిల్ చేస్తాగా."

పొడిచింది. అయినా దుప్పటి చుట్టి, పెళ్లికూతుర్ని బుట్టలో మోసే మేనమామలా ఠీవిగా తీసుకెళ్లి, అపార్ట్‌మెంట్ల వెనక నీటిగుంటలో వదిలాను. అది మునిగి తేలగానే సుజాత చప్పట్లు కొట్టింది.

"ఎగిరిపోతుంది కదూ?"

"గ్యారంటీ!"

మర్నాడు పక్షి నీటిమీద రెక్కలు కొడుతూ పరిగెత్తింది. పైకి లేచేలోపే ఒడ్డు వచ్చేసింది. ఆగింది. మళ్లీ పరిగెత్తింది. మళ్లీ ఒడ్డే.

"ఏమైందండీ దానికి?"

"వార్మప్ చేస్తోంది."

సాయంత్రానికి అంచుల్లో మంచు గట్టిపడసాగింది. అప్పుడు భయమేసి, అడవి జంతువుల ఆఫీసుకి ఫోన్ చేశాను.

"గాల్లోకి లేవాలంటే దానికి పొడుగాటి సరస్సు కావాలి. మీరేం చేస్తుంటారు సర్?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

చెప్పాను. ఆయన మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"పొద్దున్నే పడవతో వస్తాం," అన్నాడు.

వాళ్లు వచ్చేసరికి గుంటంతా గడ్డకట్టింది. నడిమధ్య, మంచుమీద మెడ వాల్చి, లూన్ చచ్చిపోయి ఉంది.

"రన్‌వే చాలదని తెలీలేదా? మీకా?" అంటూ సుజాత నవ్వడం మొదలెట్టింది. వేసవి తర్వాత అదే మొదటి నవ్వు. అది ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. ఒడ్డునే కూలబడి, "మనమ్మాయండీ, మనమ్మాయి," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ పక్కనే కూలబడ్డాను.

కావున యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట రెక్కలున్న ఏ ప్రాణినీ టేపుతో కొలవని నీళ్లలో వదలను. మనిషి ఏడవకపోతే, తట్టుకున్నట్టే అని లెక్క తేల్చను.